ఇనుము మాత్ర, గోధుమ పొట్టు

మా పెద్ద డాక్టరు గారికి మలబద్ధకం లేకపోయి ఉంటే నా ఉద్యోగం చాలా ప్రశాంతంగా గడిచి ఉండేది.

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో రోగుల పథ్యం చూసే పని నాది. డైటీషియన్ అనే మాట అప్పట్లో ఎవరికీ నోరు తిరిగేది కాదు. రోగులు నన్ను పత్తెం అమ్మగారు అనేవారు. వంటవాళ్లు మేడమ్ అనేవారు. డాక్టర్లు ఏమీ అనేవారు కాదు, ఎందుకంటే నాతో మాట్లాడేవారే కాదు. స్టోరుకూ వంటగదికీ మధ్య చెక్క అడ్డం పెట్టి ఇచ్చిన జాగా నా ఆఫీసు. పోపు వాసనను బట్టి ఏ వార్డుకు ఏం వెళుతోందో కుర్చీలోంచి లేవకుండా చెప్పగలిగేదాన్ని.

ఇప్పుడు ఈ వృత్తిలోకి వస్తున్న అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మీ రోజుల్లో ఎలా ఉండేదండీ?" అని అడుగుతుంటారు. నా ప్రమోషన్ల గురించి చెప్పడానికి ఏమీ లేదు. చేరిన కుర్చీలోంచే రిటైరయ్యాను. కానీ ఒక హాస్టలు సంగతి చెప్పాలి. పుస్తకంలో చదివిన దాన్ని ఒక పిల్ల ఒంటికి చేర్చాలంటే మధ్యలో ఎంతమంది పెద్దమనుషులను దాటాలో నాకు తెలిసింది అక్కడే.

పెద్ద డాక్టరు గారు

ఆయన పేరు భుజంగరావు గారు. ఇంగ్లండులో కొన్నేళ్లు చదివి, పనిచేసి, డెబ్బయ్యో దశకం చివర్లో తిరిగివచ్చారు. అక్కడి రొట్టె, బంగాళాదుంప, చలి కలిసి ఆయన కడుపును పూర్తిగా బిగించేశాయట. ఎవరో తోటి డాక్టరు గోధుమ పొట్టు తినమన్నాడట. తిన్నారు. కడుపు కదిలింది. ఆ రోజు నుంచి లోకంలో మనుషులు ఆయనకు రెండే రకాలుగా కనిపించేవారు: పొట్టు తింటున్నవాళ్లు, ఇంకా తినాల్సినవాళ్లు.

దీన్ని ఆయనేమీ దాచుకోలేదు. రౌండ్లలో రోగి మంచం పక్కన నిలబడి, నర్సులు వింటుండగానే తన కడుపు చరిత్ర మొత్తం చెప్పేవారు. ఒకసారి ఫిషింగ్ హార్బరు నుంచి నీళ్ల విరేచనాలతో వచ్చిన ముసలాయన, సెలైన్ ఎక్కించాక అప్పుడే కాస్త కళ్లు తెరిచాడు. డాక్టరు గారు ఆయనకు కూడా పీచు పదార్థం గొప్పతనం వివరించారు. ముసలాయన ఓపిగ్గా అంతా విన్నాడు.

"బాబూ, కడుపు కదలడమే నా జబ్బు. మీరింకా కదిలిత్తానంటారేటి?" అన్నాడు.

నర్సులు గోడవైపు తిరిగారు. డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. వంటగదికి ఆర్డరు వచ్చింది. ఉప్మాలో పొట్టు, చపాతీలో పొట్టు, మజ్జిగలో పొట్టు. పిండిమిల్లు నుంచి బస్తాలు దిగాయి.

ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. భుజంగరావు గారు చెడ్డవారు కాదు. వేళకు వచ్చేవారు. ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. పేద రోగిని "మీరు" అని పిలిచిన డాక్టర్లలో నేను చూసిన మొదటివారు ఆయనే. ఇబ్బంది కూడా అక్కడే వచ్చింది. స్వార్థం ఉన్న మనిషిని ఎక్కడో ఒకచోట పట్టుకుని ఆపొచ్చు. నిఖార్సుగా మీ మేలు కోరే మనిషిని పట్టుకోవడానికి పిడి దొరకదు.

హాస్టలు

గాజువాక వైపు ఒక సేవా సంఘం వాళ్ల ఆడపిల్లల హాస్టలు ఉండేది. ఉక్కు కర్మాగారం కట్టుబడి జరుగుతున్న రోజులవి. కూలి పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్ల పిల్లలు, పోర్టు కూలీల పిల్లలు అక్కడ ఉండి చదువుకునేవారు. హైస్కూలు వయసు వాళ్లు. వార్డెను సుందరమ్మ గారు శుభ్రత విషయంలో రాక్షసి. నేల మీద అన్నం మెతుకు కనిపిస్తే హాస్టలంతా వరసలో నిలబడాల్సిందే. భుజంగరావు గారు ఆ హాస్టలుకు ఉచితంగా వైద్య సలహాలు ఇచ్చేవారు.

సలహా ఏమై ఉంటుందో మీరు ఊహించే ఉంటారు. రోజూ పొద్దున్నే ప్రతి పిల్లా పెద్ద గ్లాసుడు గోధుమ పొట్టు జావ తాగాలి. ఎంత పొట్టు, ఎన్ని నీళ్లు, ఎంత ఉప్పు అన్నది తేల్చే పని నాకు అప్పగించారు.

ఆ పిల్లలు తినేదేమిటో నాకు తెలుసు. ముతక బియ్యం అన్నం, పప్పు, తోటకూర, బచ్చలికూర, వంకాయ, ఏ ఆదివారమో ఒక గుడ్డు. వాళ్ల పళ్లెంలో లేనివి చాలా ఉన్నాయి కానీ పీచు మాత్రం ఆ లెక్కలోకి రాదు. ఆ మాటే మెల్లగా అన్నాను.

"సార్, వీళ్లు తినే తిండిలో పీచు బాగానే ఉంది కదండీ."

"చూడమ్మా," అన్నారాయన ప్రేమగా, పొట్టును అలవాటుగా ఇంగ్లీషులోనే పిలుస్తూ, "బ్రాన్ ఎక్కువైంది అనేది ఉండదు. గాలి ఎక్కువైందని ఎవరైనా అంటారా?"

జావ మొదలైంది. పిల్లలు ముక్కు మూసుకుని తాగేవారు.

పైడితల్లి

ఆ హాస్టల్లో పైడితల్లి అని ఒక పిల్ల ఉండేది. పద్నాలుగేళ్లు. పొడుగు కాళ్లు, పొట్టి జడలు. వాళ్ల నాన్న అప్పలనాయుడు పోర్టులో ఇనుప ఖనిజం వ్యాగన్ల దగ్గర కూలీ. తల్లి ఉక్కు కర్మాగారం కట్టుబడిలో తట్ట మోసేది. పైడితల్లి పరుగులో గట్టి పిల్ల. ఎనిమిది వందల మీటర్ల పందెంలో తనకన్నా పెద్ద పిల్లలను కూడా వెనక్కి నెట్టేది. ఆ ఏడు ఎంపికలో నెగ్గితే ఆటల హాస్టల్లో సీటు వస్తుంది, చదువు పూర్తయ్యేదాకా అక్కడే ఉండొచ్చు అని డ్రిల్లు టీచరు రాజ్యం గారు చెప్పారు. నెగ్గకపోతే పైడితల్లికి మిగిలేది తల్లి పక్కన ఇంకొక తట్ట.

దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల పరుగు మందగించింది. ఒకరోజు మైదానంలో సగం చుట్టు తిరిగి కూలబడిపోయింది. ఆసుపత్రికి తెచ్చారు. కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. గోళ్లూ అంతే.

"ఏమవుతోందే నీకు?" అని అడిగాను.

"ఏటో తెల్దండి. పరిగెడతంటే గుండె సెవుల్లో కొట్టుకుంతన్నాది. కల్ల ముందు సీకట్లు కమ్ముతన్నాయి. పడుకుంటే లెగబుద్ది కాదు."

రక్తం పరీక్షలో తేలింది, రక్తం బాగా తక్కువగా ఉంది. మిగతా పిల్లలను కూడా చూస్తే సగానికి పైగా అదే సంగతి. అప్పటిదాకా సుందరమ్మ గారిని వేధిస్తున్న ఒక చిక్కు కూడా అప్పుడు వీడిపోయింది. హాస్టల్లో లెక్కలు వేసుకోవడానికి ఇచ్చే బలపాలు మాయమవుతున్నాయి. దొంగ ఎవరో తేలక ఆవిడ అందరినీ ఎండలో నిలబెట్టారు. దొంగతనం కాదు, పిల్లలు వాటిని తింటున్నారు. ఒంట్లో ఇనుము తగ్గితే బలపం, మట్టి, పచ్చి బియ్యం తినాలనిపిస్తుంది. ఆ మాట చెబితే సుందరమ్మ గారు, "తినడం కూడా దొంగతనమే కదమ్మా," అన్నారు.

పెద్ద డాక్టరు గారు ముందు నులిపురుగుల మందు ఇచ్చారు, ఆ తర్వాత అందరికీ ఇనుము మాత్రలు రాశారు. రెండూ సరైన పనులే. కానీ వారాలు గడిచినా పిల్లలు తేరుకోలేదు. పైడితల్లికి మెట్లెక్కితేనే ఆయాసం.

"మాత్రలు మింగడం లేదు. పారేస్తున్నారు," అని తేల్చారు డాక్టరు గారు.

నిజంగా కొందరు పారేస్తూనే ఉన్నారు. అవి మింగితే కడుపులో తిప్పుతుంది. దాంతో సుందరమ్మ గారు కట్టుదిట్టం చేశారు. ఇకనుంచి ప్రతి పిల్లా పొద్దున్న వరసలో వచ్చి, ఆవిడ కళ్ల ముందే మాత్ర మింగి, నోరు తెరిచి చూపించి వెళ్లాలి. మాత్రలు ఇప్పుడు నూటికి నూరుపాళ్లూ కడుపులోకి వెళుతున్నాయి. పిల్లలు మాత్రం అలాగే పాలిపోయి ఉన్నారు.

డాక్టరు గారికి విసుగొచ్చింది. "ఆ పరుగు పిల్లది నటన. ఎంపిక అంటే భయం పట్టుకుంది," అన్నారు. సుందరమ్మ గారు ఇంకో అడుగు ముందుకేసి, ఒంట్లో బాగులేని పిల్లను హాస్టల్లో ఉంచలేం, ఇంటికి తీసుకుపొమ్మని అప్పలనాయుడికి కబురు పెట్టారు.

అప్పలనాయుడు

ఆయన హాస్టలుకు వెళ్లకుండా నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. పెద్ద డాక్టరు గారి గది తలుపు వేసి ఉంది. ఎవరో నా గది చూపించారు. షిఫ్టు దిగి అలాగే వచ్చినట్టున్నాడు, కనుబొమల మీద కూడా ఎర్ర దుమ్ము. కూర్చోమంటే కుర్చీ మాసిపోతుందని కూర్చోలేదు.

"అమ్మా, నా పిల్ల అబద్దాలు సెప్పీ రకం కాదు. మందు మింగుతన్నాదంట. దానికి నటనలేటి సేతనవుతాయి? అది నవ్వొత్తే దాసుకోలేదు."

"నాకు తెలుసు నాయుడూ."

"నాను పొద్దల్లా ఇనుం ఎత్తుతాను. ఇంటికెలితే నా సొక్కా ఉతికిన నీల్లు ఎర్రగా పారతాయి. ఓడలకి ఓడలు నింపి దేశాలకి పంపుతన్నాం. నా పిల్ల ఒంట్లో ఇనుం లేదంటారేటమ్మా?"

మర్నాడు పొద్దున్నే హాస్టలుకు వెళతానని చెప్పాను.

వరస

వెళ్లి ఒక పక్కన నిలబడ్డాను. పిల్లలు వరసలో వస్తున్నారు. సుందరమ్మ గారు ఒక్కొక్కరి అరచేతిలో ఒక మాత్ర పెడుతున్నారు. పక్కన ఆయా గ్లాసు అందిస్తోంది. గ్లాసులో ఉన్నది నీళ్లు కాదు, పొట్టు జావ. రెండు పనులూ ఒకేసారి అయిపోతాయని సుందరమ్మ గారే చేసిన ఏర్పాటు. మాత్ర జావతో గొంతు దిగగానే, చేదు పోవడానికి చిక్కటి టీ ఇస్తున్నారు.

పైడితల్లి వంతు వచ్చింది. మింగింది. నోరు తెరిచింది. నాలుక పైకెత్తి కూడా చూపించింది.

"చూశారా మేడమ్," అన్నారు సుందరమ్మ గారు గర్వంగా, "ఒక్క మాత్ర తప్పిపోదు మా దగ్గర."

గోధుమ పొట్టులో ఫైటేట్ అని ఒక పదార్థం ఉంటుంది. అది పేగులో ఇనుమును, జింకును, కొంతవరకు కాల్షియాన్ని గట్టిగా పట్టుకుంటుంది, ఒంట్లోకి పోనివ్వదు. టీ కూడా ఇనుముతో అలాగే వ్యవహరిస్తుంది. ఇది కాలేజీలో నేను పరీక్షకు చదివిన పాఠమే. ఎముకలు సాగే వయసు, నెలసరి మొదలైన వయసు, ఇనుము అన్నిటికన్నా ఎక్కువ కావలసిన వయసు ఆ పిల్లలది. వాళ్లకు మనం ఒక చేత్తో ఇనుము ఇచ్చి, అదే గ్లాసులో దాన్ని లాక్కునే సరుకు కూడా కలిపి ఇస్తున్నాం. పైగా ఎవరూ తప్పించుకోకుండా నోరు తెరిపించి మరీ చూస్తున్నాం.

అదే రోజు పెద్ద డాక్టరు గారి దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కళ్లజోడు తీశారు.

"అంటే బ్రాన్ వల్ల పిల్లలకు రక్తం తగ్గిందంటావు."

"బ్రాన్ ఒక్కటే అనను సార్. తిండి కూడా చాలదు. కానీ మాత్ర పనిచేయకుండా అది అడ్డుపడుతోంది."

"నేను రోజూ బ్రాన్ తింటాను. నాకు రక్తం తక్కువా?"

"మీకు యాభై దాటాయి సార్. మీరు ఇక పొడుగు పెరగరు. నెలసరీ ఉండదు."

ఆ మాట నేను అనవలసింది కాదేమో. ఆయన మొహం ఎర్రబడింది. "వంటగది సంగతి చూసుకో అమ్మా," అన్నారు. నేను వచ్చేశాను.

రెండో ప్రయత్నం

కొత్తగా చేరేవాళ్లు ఈ ముక్క జాగ్రత్తగా చదవాలి. మన దగ్గర నిజం ఉంటే సరిపోతుందని మనం అనుకుంటాం. పై అధికారికి నిజంతో పనిలేదని నేను అనను. తన నమ్మకాన్ని తాకకుండా వచ్చే నిజమైతే ఆయన చాలా సంతోషంగా ఒప్పుకుంటాడు.

ఎంపికకు ఇంక రెండు నెలలే ఉంది. పైడితల్లిని ఇంటికి పంపవద్దని రాజ్యం టీచరు సుందరమ్మ గారిని బతిమాలి ఆపించారు. నేను కొన్నాళ్లాగి మళ్లీ డాక్టరు గారి గదికి వెళ్లాను. ఈసారి రక్తం మాట ఎత్తలేదు.

"సార్, హాస్టల్లో బ్రాన్ గురించి."

"మళ్లీనా?"

"పిల్లలు దాన్ని ఇష్టంగా తినేలా చేద్దామని సార్. జావగా కాకుండా, కాస్త పొట్టు ఇడ్లీ రుబ్బులో కలిపి పులియబెడితే మెత్తబడుతుంది. వద్దనరు."

ఆయన ముందుకు వంగారు. "ఇడ్లీలో బ్రాన్! ఇంగ్లండులో ఎవరికీ తట్టలేదు."

పులిస్తే ఫైటేట్ చాలావరకు విరిగిపోతుందని నేను చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్ని. ఆయన అడగలేదు.

"ఇంకొక సంగతి సార్. ఇనుము మాత్రా, బ్రానూ ఒకే పూట పడకూడదనిపిస్తోంది. ఒకదానికొకటి అడ్డొస్తాయి."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. దేనికి ఏది అడ్డమో మాత్రం ఆయనకు వదిలేశాను. ఆయన కిటికీవైపు తిరిగారు. ఉన్నట్టుండి బల్ల మీద చరిచారు.

"నిజమే! ఇనుము మాత్రలు మలబద్ధకం చేస్తాయి! మనం బ్రాన్ ఇచ్చి ఇన్నాళ్లూ దాని పని చెడగొడుతున్నాం. ఇనుమును బ్రాన్‌కు దూరంగా ఉంచాలి. ఎంత దూరం ఉంచగలిగితే అంత దూరం!"

"సాయంత్రం ఇద్దామా సార్? జామకాయతోనో, నిమ్మకాయ నీళ్లతోనో. టీ లేకుండా."

"ఎలాగైనా ఇయ్యి. బ్రాన్ జోలికి రాకుండా చూడు."

ఆయన గది దాటి వరండాలోకి వచ్చాక గానీ నేను నవ్వలేదు.

ఎలా తేలింది

హాస్టల్లో పొద్దున్న జావ పోయి ఇడ్లీ వచ్చింది. సాయంత్రం బడి నుంచి రాగానే మాత్ర, వెంట జామకాయ ముక్క. పులుపు ఇనుమును ఒంట్లోకి చేర్చడానికి సాయపడుతుంది. టీ మాన్పించడానికి నేను సుందరమ్మ గారితో యుద్ధమే చేశాను. వారానికి ఇంకో గుడ్డు కూడా సాధించాను.

మార్పు మెల్లగా వచ్చింది. మొదట బలపాలు మిగలడం మొదలైంది. అది తన క్రమశిక్షణ ఫలితమని సుందరమ్మ గారు సంఘం పెద్దలకు చెప్పుకున్నారు. తర్వాత పిల్లల అరిచేతుల్లోకి రంగు వచ్చింది. ఒక సాయంత్రం రాజ్యం టీచరు ఫోను చేసి, "మేడమ్, ఈ రోజు పైడితల్లి రెండు చుట్లూ ఆగకుండా పరిగెత్తింది. చివర్న నన్ను చూసి నవ్వింది కూడా," అన్నారు.

ఎంపికలో ఆ పిల్ల మొదట రాలేదు. మూడోది వచ్చింది. ముగ్గురినీ తీసుకున్నారు.

భుజంగరావు గారు డాక్టర్ల సమావేశంలో ఈ విషయం మీద ప్రసంగించారు. పీచు పదార్థం చేసే మేలుకు ఇనుము మాత్రలు ఎలా ఆటంకమవుతాయో, రెండింటినీ ఎందుకు విడదీయాలో వివరించారు. అందరూ చప్పట్లు కొట్టారు. దారి తలకిందులుగా ఉన్నా ఆయన చేరిన చోటు మాత్రం సరైనదే. నేను వెనక వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా కొట్టాను.

ఇప్పుడు పీచు పొడులు అందమైన డబ్బాల్లో వస్తున్నాయి. పీచు చెడ్డదని నేను ఎప్పుడూ అనలేదు. కూరలో, కాయలో, గింజలో ఉన్న పీచును ఆనందంగా తినమనండి. పీచులు కూడా అన్నీ ఒకటి కావు. ఇసబ్గోలు చేసేది వేరు, గోధుమ పొట్టు చేసేది వేరు. ఎదిగే పిల్లకు ఎవరైనా పొడి రాస్తే మాత్రం, ఆ పిల్ల పళ్లెంలో ఇప్పటికే ఏముందో చూడండి. మాత్ర ఏ వేళ వేసుకుంటోందో, దేనితో మింగుతోందో మీ కళ్లతో వెళ్లి చూడండి. మింగిందా అని అందరూ అడుగుతారు. ఒంటబట్టిందా అని అడగడానికే మనకు జీతం ఇస్తారు.

వీడ్కోలు

పైడితల్లి ఆటల హాస్టలుకు వెళ్లే ముందు సంఘం వాళ్లు చిన్న సభ పెట్టారు. భుజంగరావు గారు ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి ఆశీర్వదించి, ఒక గుడ్డ సంచీ బహుమతిగా ఇచ్చారు. నిండా గోధుమ పొట్టు. పిల్ల దాన్ని రెండు చేతులా తీసుకుని నావైపు చూసింది. నేను పైకప్పు చూశాను.

కొన్ని నెలల తర్వాత అప్పలనాయుడు ఆసుపత్రికి వచ్చాడు. ఈసారి స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని, చేతిలో స్టీలు క్యారియరుతో వచ్చాడు. కూతురు బాగుందని, ఉత్తరం రాసిందని చెప్పాడు. క్యారియరు మూత తీస్తే జున్ను.

"ఎక్కడిది నాయుడూ?"

"మా అత్తోరి గేదె ఈనిందమ్మా. ఆ డాట్రుబాబు ఇచ్చిన పొట్టు ఏటి సేయాలో తెలక దానికెట్టినాం. తర్వాత మిల్లు కాడ ఇంకా కొని ఎడతన్నాం."

సరిగ్గా అప్పుడే భుజంగరావు గారు వరండాలో వెళుతూ ఆ చివరి మాట ఒక్కటే విన్నారు. ఆగారు. అప్పలనాయుణ్ని గుర్తుపట్టారు.

"ఏమయ్యా, పొట్టు మానకుండా పెడుతున్నారా?"

"మానకండా ఎడతన్నామండి బాబూ."

"ఎలా ఉంది మరి?"

"బమ్మాండంగా ఉందండి! పొట్టెట్టిన కాడ్నించి దుక్కలాగ తయారైనాది. ఒల్లు నిగనిగలాడతన్నాది. ఊరంతా వచ్చి సూసి ఎల్తన్నారండి."

డాక్టరు గారి కళ్లు చెమర్చాయి. నావైపు తిరిగారు.

"విన్నావా అమ్మా? తండ్రి నోటితోనే చెబుతున్నాడు."

అప్పలనాయుడు చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు గనక, "విన్నాను సార్," అని ఆయనకు కాస్త జున్ను పెట్టాను.